టేపత్త కట్టిన సీసాలు

సరుకు దించి ఖాళీగా తిరిగి రావలసిన లారీ ఆ సోమవారం పొద్దున నిండుగా వచ్చింది. డ్రైవరు వెనక తలుపు గడియ లాగాడో లేదో, లోపలున్నదంతా పొయ్యి మీద పాలలా పొంగి గోడౌను ముందున్న సిమెంటు గచ్చు మీదికి జారిపడింది. బుడగల షీట్లు, గాలి నింపిన ప్లాస్టిక్ దిండ్లు, పలచటి మెరుపు పొరలు, మూరల కొద్దీ టేపు. డ్రైవరు మోకాళ్ల దాకా అందులో మునిగి, చేతులు రెండూ పైకెత్తి నిలబడ్డాడు. కాలు కదిపినప్పుడల్లా చెప్పుల కింద బుడగలు టపటపా పేలుతున్నాయి.

"నన్ను తిట్టకండి బాబూ," అన్నాడు. "వంటశాల ఆవిడ ఎక్కించింది. వద్దంటే గరిటె పట్టుకుని వెంటపడింది. కాయితం కూడా ఇచ్చింది, ఇదుగో."

అది తేనె గోడౌను. పీపాల్లో వచ్చే తేనెను వడగట్టి, కిలో పట్టే గాజు సీసాల్లో నింపి, ఆరేసి సీసాల చొప్పున అట్టపెట్టెల్లో కట్టి పంపుతారు. కొనేవాళ్లందరిలోకీ పెద్దది ఒక వంటశాల. కాలేజీ హాస్టళ్లన్నిటికీ కలిపి అక్కడే వండుతారు. నెలకు నాలుగు వందల ఎనభై సీసాలు వాళ్లకే పోతాయి. ఆ వంటశాలను నడిపే వంటామె రాసిన కాయితం అది. యజమాని దాన్ని విప్పి, ఏ మూడ్‌లో ఉన్నాడో, అందరి ముందూ పైకే చదివాడు. మొదలుపెట్టాక మధ్యలో ఆపడం కుదరలేదు.

"అయ్యా, మీ తేనె మంచిది. దాని చుట్టూ ఉన్నదే మా ప్రాణం తోడేస్తోంది. మీ సరుకు వచ్చిందంటే ముగ్గురం రెండు రోజులు కత్తెర్లు పట్టుకుని కూర్చోవాలి. మా పిల్ల ఒకతి వేలు కోసుకుంది. ఇప్పుడు పంపుతున్నది ఆర్నెల్ల చెత్త. చెత్తబండివాడు ఎత్తనన్నాడు. కాలిస్తే ఊపిరాడలేదు. పై గురువారం కాక ఆ పై గురువారం వచ్చే సరుకు కూడా ఇలాగే ఉంటే లారీ గేటు దాటదు. ఇట్లు, వంటామె."

మూతలు తుడిచే ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఒకామె వంగి ఒక టేపు ముక్క తీసింది. దాని కొస చిన్న త్రికోణంలా మడిచి ఉంది. ఇంకోటి తీసింది. దానికీ అదే మడత. మూడోదానికీ అంతే.

"ఇంక వెతక్కండమ్మా," అన్నాడు సీసాలు కట్టే అరచుట్టు బాబాయ్. "ఆ మడత ఈ గోడౌనులో ఒక్క చెయ్యే వేస్తుంది."

అందరి తలలూ ఒక్కసారిగా టేపత్త వైపు తిరిగాయి.

ఆమె చేతిలో టీ గ్లాసు ఉంది. తాగడం మరిచిపోయింది. పదకొండేళ్లుగా ఆమె కట్టిన పెట్టెలు ఆమె ముందు నుంచి వెళ్లిపోతూనే ఉన్నాయి. అవన్నీ విప్పేవాళ్లు ఒకరుంటారని, విప్పిన తర్వాత ఇదంతా ఎక్కడికో పోవాలని ఒక్కనాడూ ఆమె బుర్రకు తట్టలేదు. అబద్ధం కాదు, నిజంగానే తట్టలేదు. ఇప్పుడదంతా మనిషి ఎత్తు గుట్టయి కళ్ల ముందు ఉంది. అందులో ప్రతి ముక్కకూ తన వేలిముద్రలాంటి మడత.

*

టేపత్త అనేది గోడౌను పెట్టిన పేరు. ఆ పేరు వెనక ఒక అవమానం ఉంది.

భర్త లారీలకు టార్పాలిన్లు కుడతాడు. కూతురికి రెండేళ్లు నిండినప్పుడు, ఒక చేతి సంపాదన చాలక ఆమె ఈ పనిలో చేరింది. చేరిన మొదటి వారం పాత పేపర్లలో చుట్టి ఒక పెట్టె కట్టింది. ఆరింటిలో అయిదు సీసాలు దారిలోనే పగిలి, పెట్టె తిరిగొచ్చింది. అప్పుడు గోడౌను ఇప్పటి యజమాని తండ్రిది. ఆ పెద్దాయన పెట్టెను అందరి మధ్యా బోర్లించి, తేనెలోంచి గాజు పెంకులు ఏరమన్నాడు. చేత్తోనే. ఆమె ఏరింది. జిగురు మోచేతుల దాకా పాకింది. ఈగలు ముసిరాయి. చుట్టూ ముప్పైమంది చూస్తూ నిలబడ్డారు. అవి ఎందుకు పగిలాయని ఆరోజు ఎవరూ అడగలేదు, ఎవరు కట్టారనే అడిగారు.

ఆ రోజుతో ఆమె ఒట్టు పెట్టుకుంది. తన చేతి సీసా ఇంకెప్పుడూ పగలకూడదు.

అప్పటి నుంచి ఆమె కట్టే తీరే వేరు. సీసా మూతకు టేపు. సీసాకు పలచటి పొర రెండు చుట్లు. దాని మీద బుడగల షీటు మూడు చుట్లు. ఒక్కో సీసాకూ విడిగా ఒక సంచి. పెట్టె అడుగున గాలి దిండ్లు, పక్కల దిండ్లు, పైన దిండ్లు. పెట్టె మూశాక బయట మళ్లీ పొర, పొర మీద టేపు. చివరికి, విప్పేవాళ్లకు కొస దొరకాలని, టేపు అంచును త్రికోణంగా మడిచేది. అది ఆమె మర్యాద. కొత్తగా చేరినవాళ్లకు ఆమె నేర్పే పాఠం రెండు ముక్కలే. "ఇంకో చుట్టు."

పగిలిన సీసాల కోసం గోడౌనులో ఒక పుస్తకం ఉంది. కట్టేవాళ్లకు తలా ఒక పేజీ. టేపత్త పేజీలో పదకొండేళ్లుగా సున్నాలే. పండగనాడు కూడా కొత్తచీర గురించి చెప్పుకోని మనిషి, ఆ పేజీ గురించి మాత్రం ఎవరడిగినా చెప్పేది. అడక్కపోయినా చెప్పేది.

ఈ చుట్టుడు ఇంటిదాకా వచ్చింది. టీవీ రిమోటుకు పొర. మామగారి కళ్లజోడుకు బుడగల సంచి. "నన్నెప్పుడు చుడతావు?" అని భర్త ఎగతాళి చేస్తే, "నువ్వు పగిలే రకం కాదులే," అనేది.

పక్కబల్ల మీద కట్టే అరచుట్టు బాబాయ్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. అరవై దగ్గరపడ్డ మనిషి. సీసాల మధ్య ఇంత అట్ట, పైన షీటు ఒక్క చుట్టు, అదీ సగంలో ఆపేస్తాడు. "ఏంటి బాబాయ్ ఇది, చలికాలంలో చొక్కా గుండీలు పెట్టుకోనట్టు?" అని ఆమె దెప్పితే, "పగిలితే పగిలింది తల్లీ. నేను కట్టానని తేనెకి తెలుసా?" అనేవాడు. అతని పేజీలో ఏడాదికి రెండో మూడో ఉండేవి. అంత నిర్లక్ష్యానికి రెండో మూడో ఏమిటి, రెండు వందలు ఉండాలి కదా అని ఆమెకు ఒక్కనాడూ అనుమానం రాలేదు. గర్వం మనిషిని లెక్కలు వెయ్యనివ్వదు.

*

"ఆ గురువారం లోడు నువ్వే కట్టాలి," అన్నాడు యజమాని, చెత్తగుట్టను షెడ్డులోకి తోయించి వచ్చాక. "ప్లాస్టిక్ అన్నది కనపడకూడదు. టేపు ముక్క కూడా."

"పగులుతాయండీ."

"పగలకూడదు. వాళ్లు వెళ్లిపోతే సగం గోడౌను మూసుకోవాలి."

"మరి బాబాయిని కట్టమనండి. ఆయనకి అలవాటే."

"ఈ గుట్ట ఆయనది కాదుగా?" అన్నాడు యజమాని. తండ్రిలా అరవడు ఇతను. మెల్లగా మాట్లాడి గుచ్చుతాడు. "ఒక్క సీసా పగిలినా, మర్నాటి నుంచి ఆ బల్ల దగ్గర ఇంకొకరు నిలబడతారు. నువ్వు మూతల గదిలోకి పోదువుగాని."

మూతల గది అంటే కిటికీ లేని గది. జిగురు అంటిన మూతలను వేణ్ణీళ్లలో తుడుస్తూ కూర్చోవాలి. కొత్తవాళ్లను, పని రానివాళ్లను అక్కడ వేస్తారు.

మర్నాటి నుంచి మధ్యాహ్నం అన్నం మానేసి మరీ ప్రయత్నాలు మొదలుపెట్టింది. కాయితాన్ని ఉండలు చుట్టి నింపింది. పెట్టెను బల్ల ఎత్తు నుంచి వదిలింది. మూడు సీసాలు పగిలాయి. అట్టను సన్నగా చీల్చి నింపింది. నాలుగు పగిలాయి. పాత గోనెసంచులు కత్తిరించి చుట్టింది. రెండు పగిలాయి. గచ్చు నిండా తేనె పారి, చెప్పులు ఊడిరాకుండా అతుక్కున్నాయి. శుక్రవారానికి ఆమె కళ్ల కింద గుంటలు పడ్డాయి.

"అంత ఎత్తు నుంచి ఎందుకు పడేస్తున్నావు తల్లీ?" అన్నాడు అరచుట్టు బాబాయ్, బీడీ వాసనతో పక్కకు వచ్చి.

"లారీలో పడవా ఏంటి?"

"పడతాయా?"

"పడకపోతే ఎందుకు పగులుతాయి?"

"అదే నేనూ అడుగుతున్నా," అని నవ్వి వెళ్లిపోయాడు ముసలాయన.

ఆ మాట ఆమెను వదల్లేదు. సీసా ఎంత ఎత్తు నుంచి పడుతుంది? పదకొండేళ్లు సీసాలు కట్టిన మనిషికి అది తెలీదు. తెలిసే దారీ లేదు. ఆమె బల్ల ముందు గోడలో ఒక చదరపు కంత ఉంటుంది. దానికి రబ్బరు పట్టీల తెర. కట్టిన పెట్టెను రోలర్ల మీద తోస్తే, తెర దాటి అవతలికి పోతుంది. అవతల లోడింగు అరుగు, దాని తలుపు వెనక వీధిలోకి. కట్టేవాళ్లకు మూడింటికి పని అయిపోతుంది, హమాలీలకు నాలుగింటికి మొదలవుతుంది. వీళ్లు ముందు గేటు నుంచి పోతారు, వాళ్లు వెనక గేటు నుంచి వస్తారు. ఒకరి పని ఒకరు చూసే పనే లేదు.

అయితే అడగడానికి మనిషి ఇంట్లోనే ఉన్నాడు. హమాలీల మేస్త్రి ఆమె మరిదే. ఆరేళ్ల కిందట పని లేక తిరుగుతుంటే యజమాని కాళ్లావేళ్లా పడి ఆమే పెట్టించింది. ఆ ఆదివారం అన్నం దగ్గర అడిగింది.

"ఏమయ్యా, పెట్టె మీ చేతుల్లోంచి ఎంత ఎత్తు నుంచి పడుతుంది?"

మరిది ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. "పడడమేంటి వదినా? మేం పువ్వుల్లా పెడతాం."

"మరి మొదట్లో నావి ఎందుకు పగిలాయి?"

"అప్పటికి నేను లేనుగా," అని కంచంలోకి చూస్తూ గబగబా తిన్నాడు. మామూలుగా రెండోసారి వడ్డించుకునేవాడు, ఆరోజు చెయ్యి కడిగేసుకున్నాడు.

ఆమెకు ఆ చెయ్యి కడుక్కోవడం నచ్చలేదు.

*

సోమవారం మూడింటికి అందరూ వెళ్లిపోయారు. టేపత్త వెళ్లలేదు. నేల కడుగుతానని చెప్పి ఆగి, నాలుగు కావస్తుండగా కంత దగ్గర రబ్బరు తెర వెనక ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. వేలెడంత సందులోంచి అవతలి అరుగు కనబడుతోంది.

ముందు అరచుట్టు బాబాయ్ పెట్టెలు వచ్చాయి. మరిది ఒక పెట్టెను రెండు చేతుల్తో ఎత్తి, బాలింత బిడ్డను అందించినంత నెమ్మదిగా పక్కవాడికి అందించాడు. "ఒరేయ్ చూసుకో, ముసలాడి మాలు. ఊదితే పగులుద్ది," అన్నాడు. వాడు మూడోవాడికి, వాడు లారీలో ఉన్నవాడికి, చేతుల మీదుగా. ఎంత జాగ్రత్త, ఎంత ఒద్దిక! ఆమెకు మరిది మీద ముద్దొచ్చింది. పాపం, అనవసరంగా అనుమానించాను అనుకుంది.

అంతలో అరుగు చివర నుంచి ఒకడు కేకేశాడు. "ఇంకెన్నిరా?"

"ఎనభై ఉన్నాయి. టైమేమో పదమూడు నిమిషాలే."

"మడత చూడు."

"మడతే. అన్నీ టేపత్త మాలే."

"ఇంకేం? విసిరెయ్!"

మొదటి పెట్టె గాలిలోకి లేచింది. అరుగు మీద నుంచి లారీలోకి, మనిషి నిలువు కంటే ఎక్కువ దూరం ఎగిరి, ఒక మూల మీద ధబ్బున పడి దొర్లింది. దాని వెనకే రెండోది, మూడోది. ఒకడు పెట్టెను కాలితో తన్ని జరిపాడు. ఇంకొకడు రెండు పెట్టెలు మెట్లలా పేర్చుకుని, వాటి మీద ఎక్కి పైవరస సర్దాడు. నవ్వుకుంటున్నారు, బంతులాట ఆడుకునేవాళ్లలా. అందరికంటే దూరం విసిరింది ఆమె మరిదే. వాడి చెయ్యి మంచి వాటం.

టేపత్త తెర తోసుకుని కంతలోంచి తల అవతలికి పెట్టింది, మెడ దాకా.

"ఏమయ్యా!"

గాలిలో ఉన్న పెట్టె లారీలో పడింది. పడ్డ చప్పుడు కూడా మెత్తగానే వచ్చింది. ఆమె కట్టు అంత గట్టిది మరి. హమాలీలు నలుగురూ ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోయారు. గోడలోంచి మొలిచిన ఆ తలను చూసి ఒకడు చెయ్యెత్తి దండం పెట్టబోయి ఆపుకున్నాడు.

"వదినా… నువ్వింకా ఇంటికెళ్లలేదా?" అన్నాడు మరిది.

"అవి నావి."

"అవును వదినా."

"ముసలాయనవి పట్టుకుని అందించారు. నావి విసిరారు."

"నీవి పగలవు కదా వదినా! ఆయనవి పగులుతాయి. నీ మడత కనబడితే మాకు కొండంత ధైర్యం. నీ మీద నమ్మకంతోనే…"

ఆమె మర్యాదకు వేసిన మడత వీళ్లకు విసరమని గుర్తు. సీసాకు ఆమె వేసిన ప్రతి చుట్టూ వీళ్ల చేతులకు ఒక బరువు తగ్గించింది, అంతే. ఇంకో చుట్టు వేస్తే ఇంకో గజం దూరం విసిరారు. దూరం విసిరారని తెలియకుండానే ఆమె ఇంకో చుట్టు వేసింది. షెడ్డులో పడి ఉన్న ఆ గుట్టంతా దారిలోని గతుకుల కోసం కాదు, ఈ పదమూడు నిమిషాల కోసం.

"ఎన్నేళ్లుగా?" అంది.

మరిది తల వంచుకున్నాడు. "నేను వచ్చేటప్పటికే ఇలా ఉంది. పాతవాళ్లు నేర్పారు."

"అంటే, మొదటి వారం నావి కూడా…"

ఆమె కంతలో అలాగే ఉండిపోయింది, ముందుకీ వెనక్కీ కాకుండా.

మరిదే మళ్లీ అన్నాడు. ఈసారి గొంతులో విసుగు కూడా ఉంది. "నన్ను తిట్టు వదినా, పడతా. కానీ ఆ గడియారం చూడు. లారీకి నలభై నిమిషాలు. రెండు వందల నలభై పెట్టెలు. నలుగురం. ఒక్క నిమిషం దాటితే యజమాని ఈ కంతలోంచే అరుస్తాడు. పువ్వుల్లా పెట్టమంటే పెడతాం. నిమిషాలు నువ్విస్తావా?"

టేపత్త గడియారం చూసింది. అప్పటిదాకా ఆమెకు అందరి మీదా ఒళ్లు మండుతోంది. ఆ మంట ఎవరి మీద పెట్టుకోవాలో ఒక్కసారిగా తెలియకుండా పోయింది.

*

మర్నాడు పొద్దున్నే యజమాని గదిలోకి వెళ్లింది. కూర్చోమనకపోయినా కూర్చుంది.

"గురువారం ఒక్క సీసా పగలదు. ప్లాస్టిక్ గోరంత ఉండదు. నాకు రెండు కావాలి. ఒకటి, మూత లేని చెక్క ట్రేలు నలభై. అట్టతో గళ్లు చేసి, గడికో సీసా నిలబెడతా. పైన పురికొసతో కడతా. ట్రేలు దించాక మన లారీలోనే వెనక్కి వస్తాయి."

"మూత లేకుండానా? సీసాలు పైకే కనబడతాయి కదా?"

"కనబడాలండీ. కనబడితేనే ఎవడూ విసరడు."

"విసరడమేంటి?" అన్నాడు యజమాని. నిజంగానే అతనికి తెలీదో, తెలీనట్టు ఉన్నాడో, ఆమెకు అంతుపట్టలేదు.

"రెండోది, లోడింగుకి నలభై కాదు, ఎనభై నిమిషాలు."

యజమాని నవ్వాడు. "ప్లాస్టిక్ తగ్గించమన్నాను గానీ పని తగ్గించమన్నానా?"

"ఇన్నాళ్లూ ఆ నలభై నిమిషాల్ని మోసింది ప్లాస్టిక్కేనండీ. అది వద్దంటే వాటిని ఎవరో ఒకరు మోయాలి."

అతను చాలాసేపు పెన్ను కొరికాడు. చివరికి, "ఒక్క గురువారానికి," అన్నాడు. "కానీ నా మాట గుర్తుందిగా? ఒక్కటి పగిలినా…"

"గుర్తుంది."

గురువారం లోడింగు పొద్దున్నే పెట్టించారు. సరుకు దించడానికి మరిదీ హమాలీలూ బయల్దేరితే, టేపత్త కూడా లారీ ఎక్కింది. చెక్క ట్రేలలో సీసాలు మెడలు బయటపెట్టుకుని వరసగా నిలబడ్డాయి, ఎండ తగిలి లోపల తేనె మెరుస్తోంది. ఎక్కించేటప్పుడు హమాలీలు కాలు చూసుకుని, చేతి మీద నుంచి చేతికి అందించారు. "సచ్చేదాకా ఇలాగే మొయ్యాలంటే పెళ్లాంతో కూడా ఇంత మెల్లగా మాట్లాడాల్సొస్తుంది," అని ఒకడు గొణిగితే, మిగతావాళ్లు నవ్వుకూడా మెల్లగానే నవ్వారు.

మూడు గంటల ప్రయాణం. ప్రతి గతుక్కీ ఆమె గుండె జారి మళ్లీ ఎక్కింది. వంటశాల పెరట్లో లారీ ఆగాక తలుపు తీసి చూస్తే, నాలుగు వందల ఎనభై సీసాలు ఎలా నిలబెట్టినవి అలాగే నిలబడి ఉన్నాయి. దారికి సీసాలంటే పగ ఏమీ లేదు. ఆమెకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

వంటామె నడుముకు కొంగు దోపుకుని వచ్చింది. లావుపాటి మనిషి, చేతుల నిండా కాలిన మచ్చలు. లారీలోకి తొంగిచూసి, "కత్తెర్లు తెమ్మంటారా?" అని వెటకారంగా అంది.

"చెయ్యి చాలమ్మా," అంది టేపత్త, పురికొస ముడి ఒకటి లాగి చూపిస్తూ.

ముప్పై ఏడు ట్రేలు దిగాయి. ముప్పై ఎనిమిదో ట్రే పట్టుకుని మరిది లారీకి ఆనించిన చెక్క మీదుగా దిగుతున్నాడు. చెక్క తడిగా ఉంది. కాలు జారింది. పడకుండా నిలదొక్కుకున్నాడు, ట్రేను గుండెలకు అదుముకున్నాడు, కానీ అంచున ఉన్న సీసా ఒకటి గడిలోంచి ఎగిరి రాతిగచ్చు మీద పడింది.

ఆ చప్పుడుకు పెరట్లో కాకులు లేచాయి.

మరిది అలాగే నిలబడిపోయాడు. కాళ్ల ముందు తేనె మెల్లగా పాకుతోంది, అందులో గాజు పెంకులు. "ఇంత చప్పుడు చేస్తుందా వదినా?" అన్నాడు, చిన్నపిల్లాడిలా. "ఆరేళ్లుగా విసురుతున్నా. ఒక్కసారి కూడా వినబడలేదు."

టేపత్త వాణ్ని చూస్తోంది గానీ ఆమెకు కళ్ల ముందు కనబడుతున్నది మూతల గది.

వంటామె పరిస్థితి పసిగట్టింది. చీపురు తీసుకుంటూ, "ఏమైందిప్పుడు? ఒకటే కదా! నాలుగు వందల ఎనభై అందాయని సంతకం పెట్టేస్తా. ఒక్క సీసాకి మా పిల్లలేం చిక్కిపోరు," అంది.

"పెట్టమ్మా, పెట్టెయ్," అన్నాడు మరిది ప్రాణం లేచివచ్చినట్టు. "నీకు పుణ్యముంటుంది."

వంటామె రసీదు మీద పెన్ను ఆనించింది. టేపత్త ఆ పెన్ను మీద చెయ్యి వేసింది.

"వద్దమ్మా. డెబ్బై తొమ్మిదే రాయండి. నాలుగు వందల డెబ్బై తొమ్మిది."

"వదినా, నీ బల్ల పోతుంది!"

"పదకొండేళ్లు నా పేజీలో సున్నాలున్నాయి. ఆ సున్నాల వెనక ఏముందో లారీ నిండా చూశాం కదా. ఇంకో సున్నా నాకొద్దు."

వంటామె ఆమె ముఖంలోకి చూసి, అలాగే రాసింది. రాసి, "ఎలా పగిలిందో కూడా రాయాలా?" అంది.

మరిది గొంతు సవరించుకున్నాడు. "రాయండి. 'చెక్క తడి. హమాలీ మేస్త్రి కాలు జారింది' అని రాయండి."

ఆ గోడౌను చరిత్రలో పగిలిన సీసాకు కారణం రాయడం అదే మొదటిసారి.

*

యజమాని మాట తప్పే మనిషి కాదు, ముఖ్యంగా ఎదుటివాడికి నష్టం కలిగే మాట. వంటశాల సరుకు నిలబడింది. వచ్చే నెల నుంచి ఆరు వందల సీసాలు కావాలని కబురు కూడా వచ్చింది. మిగతా ఊళ్లకూ ట్రేలే పంపాలని అతనే ఉత్తర్వు వేశాడు. ఫోనులో ఎవరితోనో "మన గోడౌనులో ప్లాస్టిక్కే వాడం" అని గొప్పలు పోవడం అందరూ విన్నారు. అయినా శనివారం పొద్దున టేపత్తను పిలిచి, రసీదు బల్ల మీద పెట్టాడు.

"ఒక్కటి పగిలినా అన్నాను. ఒక్కటి పగిలింది. మాటంటే మాటే."

పక్కన నిలబడ్డ అరచుట్టు బాబాయ్ నోరెళ్లబెట్టాడు. "నాలుగు వందల డెబ్బై తొమ్మిది నిలబెట్టిన మనిషినా బాబూ?" అన్నాడు. యజమాని వినబడనట్టే ఉన్నాడు.

టేపత్తకు కూడా దిమ్మ తిరిగింది. ఇలా అంటాడని తెలిసి కూడా, నిజంగా అంటుంటే చెవులు నమ్మలేదు. కానీ పదకొండేళ్ల కిందట గాజు పెంకులు ఏరిన మనిషికీ, ఈ మనిషికీ మధ్య ఇప్పుడు ఒక గోడ లేచింది. ఆమె లేచి నిలబడింది.

"బల్ల తీసుకోండి. బాబాయికివ్వండి, బాగా కడతాడు. మూతల గదికి మాత్రం పోను. నన్ను గోడ అవతల వెయ్యండి. లోడింగు తలుపు దగ్గర చూసుకునే మనిషి మీకు ఎప్పుడూ లేడు. పగిలేది అక్కడ. ఆరు వందల సీసాలు పంపాలంటే మీకు అక్కడే మనిషి కావాలి."

"హమాలీల మధ్య ఆడమనిషివి…"

"మేస్త్రి నా మరిది. వాడి పెళ్లి దగ్గరుండి చేసింది నేనే. వాడే నన్ను చూసి భయపడాలి."

యజమాని పెన్ను కొరికాడు. ఆరు వందలు అన్న అంకె అతని కళ్లలో కాసేపు ఆడింది. "సరే," అన్నాడు.

సోమవారం నాలుగింటికి టేపత్త వెనక వీధి గేటులోంచి పనికి వచ్చింది. అరుగుకూ లారీకీ మధ్య చెక్కను తుడిచి, పాత గోనె పరిచి, మేకులు కొట్టించింది. ట్రేలు ఒక్కొక్కటే చేతుల మీదుగా కదిలాయి. నలభై నిమిషాలు అయ్యేసరికి సగమే ఎక్కాయి. ఎనభై నిమిషాల మాట ఒక్క గురువారానికేనని అందరికీ తెలుసు.

రబ్బరు తెర పక్కకు తొలిగింది. కంతలోంచి యజమాని తల బయటికి వచ్చింది.

"టైమైపోయింది! ఏంటి ఈ నత్తనడక? కానివ్వండి, కానివ్వండి!"

నలుగురు హమాలీలూ ఆగి, యజమాని వైపు కాకుండా టేపత్త వైపు చూశారు. మరిది చేతిలో ట్రే ఉంది. వాడి మోచేతులు అలవాటు కొద్దీ అప్పటికే వెనక్కి వెళ్లాయి.

"చేతికివ్వు," అంది టేపత్త.

వాడు చేతికిచ్చాడు.